'గారు'కు చోటు చాలలేదు

ఆ బుధవారం పొద్దున శ్యాంబాబు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి మిషన్‌లో ఒక్క వాక్యం చేర్చాలి, పదింటికి స్నానం చేయాలి, పదకొండింటికి గుడివాడ బస్సు దిగే మామగారికి ఎదురెళ్ళాలి. వీటిలో స్నానం ఒక్కటే జరిగింది, అదీ చెమటతో.

మిషనంటే గుడ్లు పొదిగే పెట్టె. బందరులోని తన ఇంట్లో ఒక థర్మాకోల్ పెట్టెకు బల్బూ, బుల్లి ఫ్యానూ, చిన్న స్క్రీనూ, వేలెడంత సర్క్యూట్ బోర్డూ బిగించి సొంతంగా చేసుకున్నాడు. లోపల వేడి ముప్పై ఏడున్నర డిగ్రీలు దాటితే బల్బు ఆరుతుంది, తగ్గితే వెలుగుతుంది. ఎప్పుడేం చేయాలో బోర్డుకు చెప్పే ప్రోగ్రామును కంప్యూటర్‌లో రాసి, కేబుల్ పెట్టి ఎక్కిస్తాడు. ఇరవై రోజులుగా ఆ పెట్టె పొల్లుపోకుండా పనిచేస్తోంది. పనిచేస్తున్న దాన్ని ముట్టుకోకుండా ఉంటే వాడు శ్యాంబాబు ఎందుకవుతాడు!

లోపలున్న ఆరు గుడ్లూ మామగారు గంగరాజువి. ఆయనకు గుడివాడలో రైసు మిల్లుంది, దాన్ని మించిన కోళ్ళ పిచ్చి ఉంది. ప్రాణంగా పెంచుకున్న జాతి పెట్టను కుక్క ఎత్తుకుపోతే, అది పెట్టిన ఆఖరి గుడ్లను గుండె రాయి చేసుకుని అల్లుడి చేతిలో పెట్టారు.

"పిల్లలైతే నీ మిషన్లకి షాపు నేను పెట్టిస్తా. మురిగాయా, నోరెత్తకుండా వచ్చి మిల్లులో గుమస్తాగా కూర్చుంటావు," అన్నారు.

ఇవాళ ఇరవై ఒకటో రోజు. పిల్లలు బయటికొచ్చే రోజు. అది కళ్ళారా చూద్దామనే ఆయన భోజనానికొస్తున్నారు.

"స్క్రీను మీద 'స్వాగతం మావయ్య గారు' అని తెలుగులో రావాలి రెబెకా. మీ నాన్న చూడగానే పడిపోవాలి," అన్నాడు శ్యాంబాబు.

"పొద్దున్నుంచి గుడ్లలో కిచకిచమంటున్నాయి. ఇప్పుడు దాన్ని కెలకడం ఎందుకండీ?" అంది భార్య.

"రెండే నిమిషాలు."

తెలుగు అక్షరాలు బోర్డులో బోలెడు చోటు తింటాయి. 'స్వాగతం మావయ్య' వరకూ బాగానే పట్టింది. 'గారు' చేర్చగానే మెమరీ చాలదని కంప్యూటర్ మొండికేసింది.

"పోనీ గారు తీసేయండి," అంది రెబెకా.

"అమ్మో! మన పెళ్ళి కార్డులో ఆయన పేరు పక్కన గారు పడలేదని మొత్తం మళ్ళీ అచ్చేయించారు, మర్చిపోయావా?"

ఎందుకుందో తనకే గుర్తులేని నాలుగు వరసలు పీకేసి, 'గారు'ను ఇరికించి, బోర్డులోకి ఎక్కించాడు. తెర తెల్లబడింది. బల్బు ఆరిపోయింది. మళ్ళీ ఎక్కించబోతే అసలు బోర్డనేది ఒకటుందని ఒప్పుకోవడానికే కంప్యూటర్ సిద్ధంగా లేదు.

"గుడ్లు చల్లారిపోతాయి రెబెకా! తలుపులు ముయ్యి, ఫ్యాను ఆపు, బొంతలు తే!"

మనిషి చంకలో ముప్పై ఏడు డిగ్రీలుంటుందని శ్యాంబాబుకు ఆ కంగారులోనే గుర్తొచ్చింది. చంకకొకటి చొప్పున తను రెండు పెట్టుకున్నాడు, భార్యకు రెండిచ్చాడు. మిగతా రెండింటికీ చంకలు లేవే అని ఏడవబోతుంటే, మూసిన తలుపు తోసుకుని పాస్టర్ దయానందం గారు వచ్చారు. భోజనానికి ముందు ప్రార్థన చేయమని గంగరాజే ఆయన్ని పిలిచారు.

"అయ్యగారూ, చేతులు కాస్త ఎత్తండి," అన్నాడు శ్యాంబాబు. ఆయన అలవాటు కొద్దీ ఎత్తారు. మోచేతులు ఒంటికి అతికించుకునే శ్యాంబాబు ఆయన చంకల్లో చెరో గుడ్డూ దోపాడు. "ఇక నెమ్మదిగా దించండి. నేను చెప్పేదాకా ఎత్తకండి. మీకు పుణ్యముంటుంది."

అల్లుడు ఎదురు రాలేదని అలిగి, గంగరాజు ఆటోలో వచ్చారు. తలుపు తీస్తే మంచం మీద ముగ్గురు మనుషులు వరసగా బొంతలు కప్పుకుని, చెమటలు కారుస్తూ కూర్చున్నారు.

"ఏమైందర్రా?"

"చలిజ్వరం మావయ్య గారూ," అన్నాడు శ్యాంబాబు.

"ముగ్గురికీ ఒక్కసారేనా? అయ్యగారూ, మీక్కూడానా?"

అబద్ధమాడలేని పాస్టరు గారు చటుక్కున కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. చర్చిలో రెండు చేతులూ ఆకాశానికి చాచే మనిషి, ఇప్పుడు వేళ్ళు మాత్రం ఆడిస్తున్నారు. ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి చూసిన గంగరాజు అదిరిపడ్డారు.

"ఓరి నాయనో, అయ్యగారికి చేతులు పడిపోయాయి! పక్షవాతం!"

వద్దు వద్దంటున్నా అంబులెన్సుకు ఫోన్ చేసేశారు. అది వచ్చేలోగా నరాలు సాగదీయాలని పాస్టరు గారి చెయ్యి పట్టుకుని ఒక్క ఊపున పైకి లేపారు. గుడ్డు జారింది. నలభై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతున్న చెయ్యి కాబట్టి నేలను తాకకముందే పట్టేసుకుంది.

"ఇది నా పెట్ట గుడ్డు!" అన్నారాయన. శ్యాంబాబు కన్నీళ్ళతో మొత్తం ఒప్పుకున్నాడు.

"రేపు తొమ్మిదింటికల్లా మిల్లుకొచ్చెయ్," అన్నారు గంగరాజు.

గోల విని వీధిలోంచి వీరలక్ష్మి తొంగి చూసింది. గిలకలదిండి నుంచి రోజూ చేపలు తెచ్చి అమ్ముతుంది. సంగతి విని బుట్ట దించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"రోహిణికార్తెలో గుడ్లు చల్లారతాయా బాబూ? ఈ ఎండకి బుట్టలో చేపలే ఉడికిపోతన్నాయ్! అయినా, పెట్ట కూడా రోజూ మేతకి లేస్తది కదయ్యా!"

శ్యాంబాబు మోచెయ్యి కదపకుండా ఫోన్ అందుకుని చూశాడు. బయట ముప్పై ఎనిమిది. తన మిషన్ ఇరవై రోజులు అహోరాత్రాలు కష్టపడి నిలబెట్టింది ముప్పై ఏడున్నర. వాడికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అప్పుడే గంగరాజు అరచేతిలో 'టక్' మంది. పెంకు విరిగింది. తడి తల ఒకటి బయటికొచ్చి ఆయన్నే చూసింది.

"వచ్చావా తల్లీ!" అని మామగారు చంటిపిల్లాడిలా ఏడ్చేశారు.

అంబులెన్సు వాళ్ళొచ్చి పేషెంటెవరని అడిగితే, అందరూ శ్యాంబాబు వైపు చూశారు.

సాయంత్రానికి ఆరూ పిల్లలయ్యాయి. "షాపు పెట్టిస్తాను," అన్నారు గంగరాజు, "కానీ మిషన్ నువ్వు చేసి, కేబులు మా అమ్మాయి చేతికిచ్చెయ్." ఆ మొదటి పిల్ల మాత్రం ఆయన్నే తల్లనుకుని కాళ్ళు వదలలేదు. ఇప్పుడది గుడివాడ మిల్లులో రోజంతా ఆయన వెనకే తిరుగుతోంది.

కూలీలు దాన్ని 'చిన్న గంగరాజు గారు' అని పిలుస్తున్నారట, వాళ్ళెవరికీ మెమరీ చాలకపోలేదు.