ఏమీ మార్చకుండా ఏడు నెలలు

మనిషి కనిపెట్టిన వాటిలో గొప్పవి మూడే: నిప్పు, చక్రం, రీఫ్యాక్టరింగ్! మొదటి రెండింటితో చేతులు కాల్చుకున్నవాళ్ళు, కాళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళు కోకొల్లలు. మూడోదాని వల్ల, చేసేవాడికి ఇంతవరకూ గోరంత గాయమైనా అయినట్టు నేను వినలేదు.

అయినా ఈమధ్య దాన్ని ఆడిపోసుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకని ఇవాళ దాని తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

తెలియనివారి కోసం చెబుతాను. రీఫ్యాక్టరింగ్ అంటే చక్కగా పనిచేస్తున్న ప్రోగ్రామును తెరిచి, లోపలి కోడ్ అంతా విప్పి, దులిపి, పేర్లు మార్చి, తీరుగా సర్ది, మళ్ళీ మూత పెట్టేయడం. బయటినుంచి వాడేవాడికి వెంట్రుకవాసి తేడా కూడా తెలియకూడదు. తెలిస్తే తప్పు చేసినట్టు. తెలియకపోతే అభినందనలు!

ఇంకే వృత్తిలో ఉందండీ ఈ సుఖం? తాపీమేస్త్రీ మీ ఇంటి గోడ కూల్చి, మళ్ళీ కట్టి, "అదే గోడ, అదే చోట, అంతే ఎత్తు" అంటే హారతిచ్చి పంపిస్తారా? పళ్ళ డాక్టరు బాగున్న పన్ను పీకి, తోమి, తిరిగి అదే చోట గుచ్చి, "ఏమైనా తేడా తెలుస్తోందా? లేదు కదా? శెభాష్!" అంటే ఊరుకుంటారా? కొండను తవ్వి ఎలుకను పట్టారని పెద్దలు వెక్కిరించేవారు. మేం ఎలుక జోలికే పోం. కొండను తవ్వి, పక్కన పోసి, మళ్ళీ అదే కొండను పేరుస్తాం.

ఇక నా అనుభవం వినండి.

మా ఆఫీసు మూడో అంతస్తులో ఉంటుంది. ఒకటే పెద్ద గది, పధ్నాలుగు కుర్చీలు, ఎప్పటికీ తెరుచుకోని రెండు కిటికీలు. మేం తయారుచేసేది ఒక జ్ఞాపకశక్తి గల పనిముట్టు. ఒక ప్రోగ్రాము మీద పదిమంది పనిచేస్తుంటే, ఏ వరసను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో అది రాసిపెట్టుకుంటుంది. "నేను ముట్టుకోలేదండీ బాబూ" అని బుకాయించేవాడి నోరు మూయించడానికి అంతకంటే మంచి సాధనం లేదు.

ఆ మార్పుల చరిత్రను తెరమీద ఎలా చూపించాలో చెప్పడానికి అందులోనే ఒక బుల్లి భాష ఉంది. టెంప్లేట్ భాష అంటాం. పేరు ముందు రావాలా, తేదీ ముందు రావాలా, అసలు తేదీయే వద్దా? ఎవరికి కావలసినట్టు వాళ్ళు నాలుగు మాటలు రాసుకోవచ్చు. మార్పు చేసిన మనిషి పేరు కావాలంటే 'యూజర్' అని రాస్తే చాలు. పదిహేనేళ్ళుగా ఆ మాట రాసినవాళ్ళందరికీ పేరు వస్తూనే ఉంది.

ఎంతకాలమని చూస్తూ ఊరుకుంటాం?

'యూజర్' అన్న మాటలో స్పష్టత లేదని కనిపెట్టింది నేనే. దాన్ని 'ఆథర్' చేశాం. రెండు వారాల వాదోపవాదాల తర్వాత 'ఆథర్ డాట్ నేమ్' చేశాం. ఆపైన 'సిగ్నేచర్ డాట్ ఆథర్ డాట్ నేమ్'. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుందని ఒకడు సణిగాడు. అలాంటివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. ముక్కును నేరుగా చూపించేస్తే తలకు ఏం మర్యాద మిగులుతుంది?

మాటల్ని కలిపే చుక్క ముందు ఖాళీ ఉండాలా వద్దా అన్నదాని మీద మేం పెట్టుకున్న మీటింగులకు లెక్కలేదు. ఉండాలన్నవాళ్ళు కిటికీ వైపు, వద్దన్నవాళ్ళు తలుపు వైపు కూర్చునేవాళ్ళు. ఇద్దరు ప్రాణస్నేహితులు మాట్లాడుకోవడం మానేశారు. ఇంత పట్టుదలగా పనిచేసే మనుషుల్ని మీరెక్కడైనా చూశారా?

ఏమీ మారలేదని రుజువు చేయడానికి తొమ్మిది వందల పరీక్షలు కూడా రాశాం. పాత ప్రోగ్రాము చూపించినదాన్నీ, కొత్త ప్రోగ్రాము చూపించినదాన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూశాం. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది! తొమ్మిది వందలకు తొమ్మిది వందలూ పాస్. మేనేజరమ్మ కేకు తెప్పించింది. మేం ఒకరి భుజం ఒకరు తట్టుకున్నాం. ఏడు నెలల కష్టం మూడు వందల పన్నెండు మార్పులుగా అసలు ప్రోగ్రాములో కలిసిపోయింది.

ఇంత శుభకార్యంలోనూ ఒక అపశ్రుతి దొర్లింది. దాచిపెట్టను.

మా ఆఫీసులో అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. ప్రతి గురువారం ఆయన ఆ వారం మార్పుల చరిత్ర మొత్తం తిరగేసి, శుక్రవారం మా కస్టమర్లకు ఉత్తరం రాస్తారు. ఏం మారింది, దానివల్ల మీకేమిటి అన్నది మామూలు మనుషులకు అర్థమయ్యే భాషలో ఉంటుంది ఆ ఉత్తరం. మా కంపెనీలో బయటివాళ్ళకు తెలిసే భాష మాట్లాడేది ఆయనొక్కరే.

బాబాయ్‌కి చూపు లేదు. తెరమీద ఉన్నదాన్ని కంప్యూటరే చదువుతుంటే ఆయన ఇయర్‌ఫోన్లో వింటారు. ఆ గొంతు ఎంత వేగంగా చదువుతుందంటే, పక్కన కూర్చున్నవాళ్ళకు అది కందిరీగ మోతలా వినిపిస్తుంది. మామూలుగా మా చరిత్ర నిండా గీతలు, చుక్కలు, నలభై అక్షరాల నంబర్లు ఉంటాయి. అవన్నీ వింటూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకని ఆయన తన కంప్యూటర్లో ఏడు వరసల టెంప్లేట్ ఒకటి సొంతంగా రాసుకున్నారు. ముందు ఏం మారిందో ఒక వాక్యం, తర్వాత మార్చినవాళ్ళ పేరు, అంతే. పన్నెండేళ్ళుగా ఆయన పని దానితోనే సాఫీగా జరిగిపోతోంది.

ఆ ఏడు వరసల్లో 'యూజర్' అన్న మాట ఉంది.

మేం ఆ మాటను ఒక్క వేటుతో తీసేయలేదు, అంత కఠినాత్ములం కాదు. అది ఎదురైనప్పుడల్లా "హెచ్చరిక: ఈ మాట పాతబడింది. కొత్త మాట వాడండి" అని మర్యాదగా చెప్పే ఏర్పాటు చేశాం. కళ్ళతో చదివేవాళ్ళకు అది ఒక పసుపు రంగు వరస. చూసీ చూడనట్టు దాటిపోతారు.

గురువారం ఉదయం కొత్త వెర్షన్‌ను ముందుగా మా ఆఫీసు కంప్యూటర్లలోకి ఎక్కించాం. బాబాయ్ చరిత్ర తెరిచారు. హెచ్చరిక: ఈ మాట పాతబడింది, కొత్త మాట వాడండి. ఒక మార్పు. హెచ్చరిక: ఈ మాట పాతబడింది, కొత్త మాట వాడండి. ఇంకో మార్పు. ఇలా మూడు వందల పన్నెండు సార్లు వినాలి!

ఇరవయ్యో హెచ్చరిక దగ్గర ఆయన ఇయర్‌ఫోన్ తీసేసి నా దగ్గరికి వచ్చారు.

"ఏమిటబ్బాయ్, ఇది నన్ను పూటంతా మందలిస్తోంది?"

"మీ టెంప్లేట్‌లో పాత మాటుంది బాబాయ్. తీసేసి కొత్తది పెట్టుకోండి. అయిదు నిమిషాల పని."

"సరే, చెప్పు. కొత్త మాటేది?"

"ఇప్పటికి మూడు మార్చామండి, ఏదీ ఇంకా ఖరారు కాలేదు. సోమవారం మీటింగుంది."

"మరి లేని మాట వాడమని నా ప్రాణం తీస్తారేమిటయ్యా? పోనీ, ఆ హెచ్చరిక తీసేయ్."

"కుదరదండి. రీఫ్యాక్టరింగ్‌లో బయటికి తెలిసే మార్పేదీ చెయ్యకూడదు."

"ఈ రొద బయటికి తెలియడం లేదా?"

"పరీక్షల్లో అయితే తెలియలేదు బాబాయ్."

ఎంత చక్కని జవాబో చూడండి! మేనేజరమ్మ కూడా మెచ్చుకుంది. ఆవిడ దయగల మనిషి. ఇకమీదట గురువారాలు ఎవరో ఒకరు పక్కన కూర్చుని చరిత్రంతా బాబాయ్‌కి చదివి వినిపించాలని అక్కడికక్కడే ఆదేశించింది.

బాబాయ్ మొహం మాడిపోయింది.

"పన్నెండేళ్ళుగా నాకెవరూ చదివిపెట్టలేదమ్మా," అన్నారు. "నా పని నేనే చేసుకున్నాను. ఇవాళ పక్కన మనిషిని పెడతారు. ఇంకో రెండు నెలలు పోతే, చదివేవాడే రాసేస్తాడుగా, ఈయనెందుకు అంటారు. అనరా?"

మేనేజరమ్మ అననని అనలేదు. ఫోను మోగినట్టుంది, బయటికి వెళ్ళిపోయింది.

ఆ ఎవరో ఒకరు ఎవరో తెలుసా? మీ సేవకుడే! మార్పుల్లో చాలావరకు నావే కనుక చదవడం తేలికని అంతా కలిసి నన్నే తోశారు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. ఆయన చేతులు కీబోర్డు మీద సిద్ధంగా ఉన్నాయి.

"'యూజర్'ను 'ఆథర్'గా మార్చాను," అని చదివాను.

"దానివల్ల కస్టమర్లకేమిటి?"

"ఏమీ లేదండి."

"తర్వాత?"

"చుక్క ముందు ఖాళీ పెట్టాను."

"దానివల్ల?"

"ఏమీ లేదండి. తర్వాతది, చుక్క ముందు ఖాళీ తీసేశాను."

పాఠకులారా, మీరు చేసిన పనిని మీరే పైకి చదివి, ప్రతి వాక్యానికీ "ఏమీ లేదండి" అని బదులు చెప్పిన అనుభవం మీకుందా? అరవయ్యోదానికి నా గొంతు ఎండిపోయింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను. నూటయాభయ్యోదానికి గొణగడంలోకి దిగాను.

"నీకంటే ఆ కంప్యూటర్ గొంతే నయమబ్బాయ్," అన్నారు బాబాయ్. "దానికి సిగ్గుండదు, మధ్యలో ఆగదు."

నూట ఎనభై ఎనిమిదోది కంటపడింది. దాన్ని వదిలేసి తర్వాతదానికి వెళ్ళాను.

"ఒకటి మింగేశావు."

"లేదండీ."

"ఊపిరి తీశావు, మాట రాలేదు. చదువు."

తేలు కుట్టిన దొంగకు అరవకుండా ఉండే వీలైనా ఉంది. నాకు అదీ లేదు. చదివాను: "'యూజర్' అన్న మాటకు హెచ్చరిక తగిలించాను. ఈ మాటను ఎవరూ వాడటం లేదు."

బాబాయ్ కీబోర్డు మీదనుంచి చేతులు తీసి నావైపు తిరిగారు.

"ఎవరూ వాడటం లేదని నీకెలా తెలిసింది?"

"వెతికానండి."

"ఎక్కడ?"

"మన ప్రోగ్రాము ఫైళ్ళన్నిట్లోనూ."

"నా టెంప్లేట్ ఉండేది నా కంప్యూటర్లో కదయ్యా. నన్నడిగావా?"

నాకు సిగ్గేసింది. ఇది వ్యంగ్యం కాదు, నిజంగానే సిగ్గేసింది. రోజూ పలకరించే మనిషిని, రోజూ కలిసి టీ తాగే మనిషిని, ఎవరూ లేరని రాసి కింద నా పేరు పెట్టుకున్నాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మిగతావన్నీ చదివించుకుని, శుక్రవారం ఉత్తరం ఆయనే రాశారు. అంత చిన్న ఉత్తరం ఆయన ఎప్పుడూ రాయలేదు.

"ఈ వారం మూడు వందల పన్నెండు మార్పులు చేశాం. వాటిలో మీకు తెలిసేది ఒక్కటే. 'యూజర్' అన్న మాటను ఎవరూ వాడటం లేదనుకుని దానికి హెచ్చరిక తగిలించాం. మీలో ఎవరైనా వాడుతున్నారా?"

సోమవారానికి రెండు వేల పైచిలుకు జవాబులొచ్చాయి! ఒక లైబ్రేరియన్ వాడుతోంది. ఒక ఓడల కంపెనీలో ప్రతి ఉదయం రిపోర్టు తయారయ్యేది ఆ మాటతోనేనట. ఒకాయనైతే ఆ మాట తప్ప మీ భాషలో నాకింకేమీ రాదని రాశాడు. మేనేజరమ్మ మీటింగు రద్దు చేసి, "ముందా హెచ్చరిక పీకెయ్యండి" అంది. తీసేశాను. ఒకటే వరస, నాలుగు నిమిషాలు పట్టింది.

గురువారం నేను మళ్ళీ పక్కన కుర్చీ వేసుకోగానే బాబాయ్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని చరిత్ర తెరిచారు. కందిరీగ మోత ఆగకుండా సాగిపోయింది. "ఇక లే నాయనా, నీ పని చూసుకో," అన్నారు. ఆ కుర్చీలోంచి లేవడానికి నేనంత సంతోషపడింది ఎప్పుడూ లేదు.

చూశారు కదా! ఇప్పటికైనా ఒప్పుకోండి. రీఫ్యాక్టరింగే లేకపోతే, మా పనిముట్టును ఎవరు ఏ అవసరానికి వాడుతున్నారో మాకు ఈ జన్మలో తెలిసేదా? ముందు పాడుచెయ్యాలి, అప్పుడు ఎవరు కేకలేస్తారో చెవొగ్గి వినాలి. ఇంతకంటే శాస్త్రీయమైన పద్ధతి ఉంటే చూపించండి.

"ముందే అడిగి ఉంటే సరిపోయేదిగా?" అంటుంది మా ఆవిడ. ఆవిడ దర్జీ. కత్తెర పట్టుకునే ముందు మనిషిని పిలిచి కొలతలు తీసుకోవడం ఆవిడకి అలవాటు. మా రంగంలో కష్టాలు ఆవిడకేం తెలుసు? నా కుర్చీనుంచి బాబాయ్ కుర్చీ దాకా పదకొండు అడుగులు. నెత్తిమీద ఏడు నెలల పని పెట్టుకుని, అంత దూరం ఎవరు నడుస్తారండీ!