పాచి నివారణకు రామచంద్రయ్య గారి సిఫారసు

వనపర్తి పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి శ్రీ రామచంద్రయ్య గారి హాల్లోని గోల్డ్‌ఫిష్ తొట్టి పచ్చబడింది. లోపల అయిదు చేపలున్నాయని ఇంటివాళ్లు చెబితే నమ్మాలి తప్ప, కంటికి కనపడేవి కావు.

కారణాలన్నీ సలక్షణమైనవే. తొట్టిని ఈశాన్యం మూల కిటికీ దగ్గర పెట్టమన్నది వాస్తు పండితుడు. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా పాలమూరు ఎండ ఏ పక్షపాతమూ లేకుండా దాని మీద పడేది. ఇక మేత సంగతి. మన ఇళ్లలో ఏ ప్రాణినీ "తిన్నవా?" అని అడక్కుండా వదలం కదా. చేప నోరు తెరుస్తుంది, మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది. తిన్నానని మాత్రం చచ్చినా చెప్పదు. అందుకని కోడలు ఉమ ఓ చిటికెడు, మనవరాలు వర్ష ఓ చిటికెడు, పాలాయన ఓ చిటికెడు, మీటరు చూడ్డానికి వచ్చినతను సైతం ఓ చిటికెడు వేసి పుణ్యం మూటగట్టుకునేవారు. మిగిలింది నీళ్లలో కుళ్లేది.

రామచంద్రయ్య గారికి మాత్రం ఆ పాచి చూడగానే ప్రాణం లేచొచ్చింది. ముప్పై మూడేళ్లు తెలకపల్లి, ఉప్పునుంతల రైతులకు సలహాలిచ్చిన మనిషి. పదవీ విరమణ చేశాక, కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా ఆయన్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అలాంటిది వర్ష కళ్లనీళ్లతో వచ్చి, "తాతా, నా చేపలు సచ్చిపోతయా? ఏం జెయ్యాల్నో నీకు తెల్వదా?" అంది.

తెలియదని చెప్పే అలవాటు ఆయన సర్వీసులోనే లేదు. వెంటనే క్షేత్ర పర్యటన జరిపారు. అంటే కుర్చీలోంచి లేచి తొట్టి దాకా నడిచారు. తెల్ల కాగితం మీద సిఫారసు రాశారు: "వరి మడిలో పాచి నివారణకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) మూట కట్టవలెను. తొట్టిని గాజు మడిగా పరిగణించవలెను." మోతాదు ఎకరాల్లో ఉండటంతో తొట్టి వైశాల్యాన్ని గుంటల్లో లెక్కగట్టడానికి గంట పట్టింది.

ఇంట్లో పనిచేసే హన్మమ్మ చీపురు పట్టుకుని ఆగింది. "సారూ, జర కిటికీ కాడికెళ్లి తీసి నీడకు పెట్టరాదుండ్రి. ఎండల పెట్టిన నీళ్ల గోలానికి పాచి పట్టక ఏమైతది? మేత గూడ గింత తక్కువేస్తే..."

"నువ్వు ఏం చదువుకున్నవ్ హన్మమ్మా?" అని ఆయన ఎంతో ఆప్యాయంగా అడిగారు. జవాబు రాలేదు కనుక సూచన తిరస్కరించబడింది. ఆయన బజారుకెళ్లి మైలుతుత్తం తెచ్చి, మూటగట్టి, పచ్చటి నీళ్లలోకి స్వహస్తాలతో వేలాడదీశారు.

మూడో రోజుకు పాచి సమూలంగా నశించింది. నీళ్లు నీలంగా తేటపడ్డాయి. చేపలు లేవు. చచ్చి తేలినవి కూడా లేవు. మందు ఇంత బలంగా పనిచేస్తుందని ఏ కరపత్రంలోనూ రాసి లేదు. రామచంద్రయ్య గారు గడియారం చూశారు. వర్ష బడి నుంచి వచ్చే వేళైంది. ఆ పిల్లకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? తన సిఫారసు ఫలితాన్ని కళ్లారా చూడటం ఆయనకు ఇదే మొదటిసారి. కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరిగారు.

"పరేషాన్ గాకుండ్రి సారూ," అంటూ హన్మమ్మ మెట్ల కిందికి తీసుకుపోయి, బకెట్ మీది గుడ్డ తీసింది. అయిదు చేపలూ తేట నీళ్లలో హాయిగా తిరుగుతున్నాయి. అక్కడున్నాయని తెలియక వాటికి మేత వేసినవాళ్లే లేరు. అందరూ ఖాళీ తొట్టిలోనే భక్తిగా వేస్తూ వచ్చారు.

"మీరు బజారుకు వోంగనే తీసిన. ఆ యేడు తెలకపల్లికొచ్చి మా మడిల గూడ గీ మూటే కట్టిచ్చిన్రు. పాచి పోయింది. కప్పలు, చేపపిల్లలు గూడ పోయినయి."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన గద సారూ. గప్పుడు గూడ చెప్పిన."

ఆయనకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అంతకు మించి సంతోషమేసింది. తొట్టి కడిగించి నీడకు మార్చారు. మేత డబ్బాకు తాళం పడింది. నీళ్లు మళ్లీ పచ్చబడలేదు. కబురు ఊరంతా పాకి, విశ్రాంత ఉద్యోగుల సంఘం సన్మానం పెట్టింది.

అధ్యక్షుడు జయరాజు గారు శాలువా కప్పుతూ, "నీడ, మితాహారం అనే ద్విసూత్ర పథకంతో పాచి మీద విజయం సాధించిన పాలమూరు ముద్దుబిడ్డ!" అని గర్జించారు. రామచంద్రయ్య గారు మైకు పట్టుకున్నారు. పరువా, నిజమా అని ఓ క్షణం ఊగిసలాడి, నిజమే చెప్పేశారు.

"ఇది నా తెలివి గాదు. మా ఇంట్ల పనిజేసే హన్మమ్మది. నేనైతే చేపల్ని చంపుతుంటి. అగో, ఆమె అక్కడనే ఉంది!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. "ఆహా, ఏం వినయం!" అన్నారు జయరాజు గారు, కళ్లు తుడుచుకుంటూ. ఆ వినయానికి గాను అక్కడికక్కడే రెండో శాలువా కప్పారు. ఆయన వేలు చూపించిన వైపు ఒక్క తలా తిరగలేదు.

హన్మమ్మ వెనక వరుసలో టీ అందిస్తోంది. మీరూ ఒక కప్పు తీసుకున్నారు. చక్కెర తక్కువైందని ఆమెతో అన్నారు కూడా.