నమూనా గది గృహప్రవేశం

పొద్దున ఐదున్నరకు బుగ్గయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. గది ఊడ్వాలి. అద్దాలు తుడవాలి. పూలకుండీలకు నీళ్లు పోయాలి. పదకొండు గంటలకు హోటల్ కంపెనీ నుంచి ప్రభుదాస్ గారు కారు దిగేసరికి చేతులు కట్టుకుని గేటు పక్కన నిలబడాలి. అంతకు మించి ఏమీ చేయకూడదు. ముఖ్యంగా లోపల దేన్నీ ముట్టుకోకూడదు.

ఇబ్రహీంపట్నం నడిబొడ్డున, బస్టాండుకు కూతవేటు దూరంలో నాలుగెకరాల జాగా. చుట్టూ రేకుల గోడ. గోడ మీద ఒక బొమ్మ. ఇరవై రెండంతస్తుల అద్దాల మేడ. కింద దుకాణాలు, మధ్యలో ఇళ్లు, పై పదంతస్తులూ ఫైవ్ స్టార్ హోటల్. అన్నిటికీ మీద, నెత్తిన పెట్టుకున్నట్టు ఈతకొలను. మంచాల ఊరి నుంచి కూరగాయల గంపలతో బస్సు దిగే ఆడవాళ్లు ఆ బొమ్మ ముందు ఆగి, మెడలు వెనక్కి వంచి చూసేవారు. బొమ్మ ఎత్తు ఆరడుగులే. అయినా మెడలు వంచేవారు.

గోడ లోపల మేడ లేదు. పునాది కూడా లేదు. ఎర్రమట్టి మధ్యలో ఒకే ఒక్క గది ఉంది. అది నమూనా గది. హోటల్ కట్టకముందే అందులోని ఒక గదిని నేల మీద పూర్తిగా కట్టి చూపించాలి. హోటల్ కంపెనీ మనిషి వచ్చి పరీక్షించి, బాగుందంటేనే మిగతా రెండు వందల గదులకు మోక్షం.

ఆ గదికి బుగ్గయ్య కావలి. ఎనిమిది నెలలుగా రోజూ చూస్తున్నా, ఇప్పటికీ పది గజాల అవతలే చెప్పులు విడుస్తాడు. మీట నొక్కితే పరదాలు వాటంతట అవే జరిగేవి. గోడకు నిలువెత్తు అద్దం. స్నానాల గదిలో మనిషి దగ్గరికి పోగానే కమోడు మూత దానంతట అదే లేచేది. మొదటి రోజు అది లేచినప్పుడు బుగ్గయ్య దానికి నమస్తే పెట్టాడు.

ఆ గది ఇప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పింది. మొదటిసారి ఏసీ నీళ్లు కార్చింది. రెండోసారి పరదా సగంలో ఆగింది. మూడోసారి కూడా తప్పితే హోటల్ వేరే ఊరికి పోతుంది. పోతే పోయేది హోటల్ ఒక్కటే కాదు. నెగ్గితే ఆ హోటల్ పెద్ద తలుపు దగ్గర బుగ్గయ్యను నిలబెడతానని సైటు మేనేజర్ వినోద్ కుమార్ మాటిచ్చాడు. ఎర్రకోటు, బంగారు గుండీలు, తలపాగా. అప్పటి నుంచి బుగ్గయ్య మీసం కత్తిరించడం మానేశాడు.

ఐదూ ముప్పై ఐదుకు అతని భార్య సిద్దమ్మ చీపురు పక్కన పెట్టి అడిగింది.

"గీ గదికి పాలు పొంగిచ్చిన్రా?"

"హోటల్ గదికి పాలేందే?"

"తలుపున్నదా లేదా? మంచమున్నదా లేదా? మనుషులు పండుకుంటరా లేదా?"

"పండుకుంటరు."

"మరి పాలు పొంగియ్యకుంటనే అందరు లోపటికి వోయిరి. గందుకే ఒకపారి ఏసీ కారె, ఒకపారి పర్ద ఆగె. ఇయ్యాల ఏమైతదో!"

ఈ వాదనలో బొక్క ఎక్కడుందో బుగ్గయ్య నిజాయితీగా వెతికాడు. దొరకలేదు. బంగారు గుండీలు కళ్ల ముందు మెరిశాయి.

"అర్ధ లీటరు పాలు, పావుగంట పని. ఎవలకు ఎర్క గాదు" అంది సిద్దమ్మ. "గని పొంగిచ్చేది ఇంటి ఆడబిడ్డ. వదినెకు ఫోన్ జెయ్యి."

మీర్‌పేట్‌లో ఉన్న అక్క యాదలక్ష్మికి బుగ్గయ్య ఫోన్ చేశాడు. ఆ రోజు జరిగిన ఘోరాలన్నిటికీ మూలం ఆ ఫోనే.

"అక్కా, జెర జల్ది రా. పాలు పొంగియ్యాలె."

"ఏడరా?"

"గీడ, పట్నంల. గా పెద్ద హోటల్ గది కాడ. ఎవలకు చెప్పకు."

అంతలో గేటు దగ్గర పాలవాడు హారన్ కొట్టాడు. బుగ్గయ్య ఫోన్ పెట్టేశాడు. అవతల యాదలక్ష్మికి అంతా అర్థమైపోయింది. తమ్ముడు హోటల్లో గది కొన్నాడు! ఎవరికీ చెప్పొద్దంటున్నాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కొన్నవాళ్లే దాస్తారు.

ఆమె వెంటనే చుట్టాల వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టింది. "మా తమ్ముడు గా కొత్త హోటల్ల గది తీస్కున్నడు. పొద్దుగాలనే గృహప్రవేశం. ఎవలకు చెప్పొద్దన్నడు. అందుకే మీకొక్కలకే చెప్తున్న."

ఆ గ్రూపులో నూట పద్నాలుగు మంది ఉన్నారు.

సరిగ్గా ఆరూ యాభైకి ఆటో వచ్చి ఆగింది. యాదలక్ష్మి పట్టుచీరలో దిగింది. వెనకే ఆమె భర్త బాలేష్, చంకలో గోడ గడియారంతో దిగాడు. ఎవరి పెళ్లికో కొని పెట్టుకున్న గడియారం. ముందు ఇక్కడే అవసరపడింది.

గది తలుపు తెరుచుకుంది. బాలేష్ మీట నొక్కాడు. పరదాలు మెల్లగా, చప్పుడు లేకుండా రెండు పక్కలకూ జరిగాయి. యాదలక్ష్మి నోటి మీద చేయి వేసుకుంది.

"అమ్మ బతికుంటే సూస్తుండెరా తమ్మీ" అని కళ్లు తుడుచుకుంది.

"అక్కా, జెర ఇను. గిది నాది గాదు."

"ఇంత గది కొన్నోడు గట్లనే అంటడు. దిష్టి తగుల్తదని."

"అరే, నేను కావలి ఉన్న గంతే!"

"ఉండాలె మరి. ఇంత సొమ్ము పెట్టినంక కావలి ఉండవా?"

అప్పటికే బాలేష్ గోడకు మేకు కొట్టేశాడు. విదేశం నుంచి తెప్పించిన గోడ కాగితంలోకి మేకు దిగిన చప్పుడు బుగ్గయ్యకు తన గుండెలో వినిపించింది.

ఏడూ ఇరవైకి మంచాల బస్సు బస్టాండులో ఆగింది. దిగిన వాళ్లలో ముప్పై ఐదుగురు నేరుగా రేకుల గోడ వైపు నడిచారు. చేతుల్లో కొబ్బరికాయలు, కొత్త తువ్వాళ్లు, చీరలు. వాళ్ల వెనకాల సిద్దమ్మ తమ్ముడు ఐలేష్ ఒక ఆవును తోలుకొస్తున్నాడు. ఆవు బస్సులో రాలేదు. వెనక వీధిలో ఒకామెను అడిగి పట్టుకొచ్చాడు.

"ఆవు గిట్ల ఎందుకురా?" బుగ్గయ్య రెండు చేతులూ చాచి గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"ఏం మాట్లాడ్తున్నవ్ బావా? ముందుగాల ఆవు పోకుంట గృహప్రవేశమెట్లయితది?"

"చెప్పులిప్పుండ్రి! ఏం ముట్టకుండ్రి!" అని మాత్రం అరవగలిగాడు బుగ్గయ్య.

అందరూ చెప్పులు విప్పారు. ఎవరూ ఏదీ ముట్టలేదు. గోడల వెంట వరసగా నిలబడి, చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి చూశారు. కమోడు మూత లేచినప్పుడు ఐదుగురు వెనక్కి జరిగారు. అది మళ్లీ పడుకున్నాక ఐదుగురూ ముందుకొచ్చారు. బుగ్గయ్య చిన్నమ్మ మారెమ్మ, డెబ్బై ఏళ్ల మనిషి, ఆవు తప్ప మిగతా అందరి అనుమతీ తీసుకుని మంచం అంచు మీద కూర్చుంది. నడుము దాకా పరుపులోకి దిగిపోయింది.

"పట్టుకోండ్రే! పోతున్న, పోతున్న!"

నలుగురు కలిసి ఆమెను పైకి లాగారు. "ఎంత మెత్తగున్నదే!" అని మళ్లీ కూర్చుంది.

ఆవు అద్దం ముందు ఆగింది. అందులో ఇంకో ఆవు కనపడింది. ఎవరు ముందు తప్పుకోవాలో తేలక రెండూ అలాగే నిలబడిపోయాయి.

"ఇగ పొయ్యి పెట్టుండ్రి" అంది యాదలక్ష్మి.

"గీ కరెంటు కెటిల్‌ల కానియ్యి వదినె" అని సిద్దమ్మ భయంగా చూపించింది.

"మూత పెట్టి, మీట నొక్కి కాగవెడితే గవి పొంగినట్టా? నలుగురు సూడంగ పొంగాలె."

గది మధ్యలో, పాలరాతి మీద మూడు ఇటుకలు వెలిశాయి. ఐలేష్ సంచిలోంచి పిడకలు తీశాడు. మంట లేచింది. పొగ లేచింది. పసుపు రాసిన ఇత్తడి గిన్నెలో పాలు వణికాయి, నురగ కట్టాయి, అంచు దాకా వచ్చాయి. నలభై మంది ముందుకు వంగారు. తూర్పు వైపుకు తెల్లగా పొంగి కారాయి.

అదే క్షణంలో పైకప్పు కేక పెట్టింది.

చెవులు చిల్లులు పడే సైరన్. వెంటనే, నిప్పు ఆర్పడానికి కప్పులో బిగించిన ఆరు చిన్న చిన్న ఇత్తడి పూలలోంచి వాన మొదలైంది. చిరుజల్లు కాదు. శ్రావణమాసపు కుండపోత.

ఎవరూ పరుగెత్తలేదు. నలభై మందీ తలలు పైకెత్తి, తడుస్తూ అలాగే నిలబడ్డారు. బాలేష్ రెండు చేతులూ చాచి వాన పట్టుకున్నాడు.

"ఫైవ్ స్టార్ అంటే గిదిరా! పాలు పొంగంగనే వాన గురిపిచ్చిన్రు!"

మారెమ్మ మంచం మీంచే దండం పెట్టింది. "ఇంట్లనే వాన. ఎన్నడు సూడలే. ఇగ సచ్చినా ఫికర్ లేదు."

సైరన్ బస్టాండు దాకా వినిపించింది. కూరగాయల గంపలు, కండక్టర్లు, టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లు అందరూ గేటు దగ్గర మూగారు. వాళ్లను తోసుకుంటూ వినోద్ కుమార్ బైకు మీద వచ్చాడు. గదిలోకి తొంగి చూశాడు. హెల్మెట్ తీసే ఓపిక లేక అలాగే గడప మీద కూర్చున్నాడు.

"బుగ్గన్నా... ఏందన్నా గిది?"

"పావుగంట పని సార్" అన్నాడు బుగ్గయ్య, నీళ్లు కారుతున్న మీసంతో.

సైరన్ ఆగింది. వాన ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఒక కారు తలుపు మూసుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

ప్రభుదాస్ పదకొండుకు వస్తానని ఎనిమిదికి రావడం అలవాటున్న మనిషి. ముప్పై ఏళ్లుగా హోటల్ గదులు పరీక్షించడమే అతని పని. అరవై ఏళ్లు, ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న నోటు పుస్తకం. గుమ్మం దగ్గర ఆవు ఎదురైతే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. తర్వాత లోపలికి నడిచాడు.

పది నిమిషాలు గదంతా తిరిగాడు. తడిసిన గోడ మీద వేలు మడిచి కొట్టి చూశాడు. తలుపు ఇరవైసార్లు తీసి, ఇరవైసార్లు మూశాడు. నీళ్లు పోయే జాలీ దగ్గర వంగి గడియారం చూసుకున్నాడు. పొయ్యి కింది పాలరాయిని రుమాలుతో తుడిచి చూశాడు. మారెమ్మను లేపి, పరుపు నొక్కి, మళ్లీ ఆమెనే కూర్చోబెట్టాడు. ప్రతిదానికీ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

"ఎవలో సారు పాపం, తిననే లేదు" అని యాదలక్ష్మి ఇంటి నుంచి తెచ్చిన పరమాన్నం ఆకు దొప్పలో పెట్టి చేతికిచ్చింది. ప్రభుదాస్ తిన్నాడు. అదీ రాసుకున్నాడు. అప్పుడు తలెత్తాడు.

"దీనికంతటికీ బాధ్యులు ఎవరు?"

"నేను గిప్పుడే వచ్చిన సార్. నాకేం ఎర్కలేదు" అన్నాడు వినోద్ కుమార్, హెల్మెట్ లోపలి నుంచి.

అందరి చూపూ బుగ్గయ్య మీదికి తిరిగింది. ఎర్రకోటు, బంగారు గుండీలు, తలపాగా ఒక్కొక్కటే గాలిలో ఎగిరిపోతున్నాయి. ఇంకా అందుకోవచ్చు. ఒకే ఒక దారి ఉంది. బుగ్గయ్య తలదించుకున్నాడు. అతని కుడిచేయి మాత్రం మెల్లగా లేచింది. చూపుడు వేలు గదంతా తిరిగి, సిద్దమ్మ దగ్గర ఆగింది.

సిద్దమ్మ ఆ వేలి వంక చూసింది. తర్వాత వేలు గల మనిషి వంక చూసింది. కొంగు పిండుకుని ముందుకొచ్చింది.

"అవ్ సారూ. నేనే చేయించిన. ఏమనాలన్నా నన్నే అనుండ్రి."

ప్రభుదాస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, నేను వంద నమూనా గదులు చూశాను. అన్నీ తుడిచి, మెరిపించి, దేన్నీ ముట్టుకోకుండా నా ముందు పెట్టారు. వందింటిలోనూ మనిషన్నవాడు లేడు. గదిలో మనుషులుండగా చూడటం ఇదే మొదలు. నలభై మంది, ఒక ఆవు, మంట, వాన. తలుపు కీలు కదల్లేదు. నీళ్లు నాలుగు నిమిషాల్లో పోయాయి. రాయి పగల్లేదు. సైరన్ మోగింది. ఇంత గట్టి పరీక్ష నాకు కూడా తోచలేదు." అతను పుస్తకంలో సంతకం గీకాడు. "గది నెగ్గింది. ఇంకా దుకాణాలకు, ఇళ్లకు, విందు హాలుకు నమూనాలు కడతారు. ప్రతిదాన్నీ నాకంటే ముందు మీరు పరీక్షించాలి. ఉద్యోగం చేస్తారా?"

గేటు దగ్గర జనం ఈలలు వేశారు. యాదలక్ష్మి తమ్ముడి చెవిలో గొణిగింది.

"అంటే గీ గది మనది గాదా?"

"గాదక్కా. పొద్దటి సంది గదే చెప్తున్న."

"పోనీ తియ్యి. సూసినంగద!" అని ఆమె ఇంకోసారి మీట నొక్కి, పరదాలు జరుగుతుంటే తృప్తిగా చూసుకుంది.

"సార్, అసలు గా ఫోన్ చేసింది నేనే సార్!" అని బుగ్గయ్య కారు వెనకాల గేటు దాకా పరుగెత్తాడు. కారు అద్దం దిగలేదు.

వారం తిరక్కముందే సిద్దమ్మకు కాగితం వచ్చింది. నమూనాల పరీక్షాధికారి, ఒక కుర్చీ, ఒక బల్ల, కింద పనిచేయడానికి ఒక మనిషి. ఆ మనిషి బుగ్గయ్యే. ఇప్పుడు అతని హాజరు పట్టీలో రోజూ సంతకం పెట్టేది సిద్దమ్మ. ఆదివారం సెలవు అడిగే ధైర్యం బుగ్గయ్యకు ఇంకా రాలేదు.