నార్త్ డకోటాలో ల్యూథర్

ఆ సోమవారం ఉదయం వెర్నా హాస్కిన్ వేసుకున్న పథకం చిన్నదే. ఒహాయోలోని ఆ కాలేజీ పాత కాగితాల విభాగంలో, ఏ పెట్టెలో ఏముందో చెప్పే జాబితాలు ముప్ఫై ఏళ్లుగా వర్డ్ ఫైళ్లలో పడి ఉన్నాయి. వాటికి గుర్తులు తగిలించి, కంప్యూటరు వెతికిపెట్టే రూపంలోకి మార్చాలి. మొదటి జాబితా భోజనాల వేళకు అయిపోతుందనుకుంది. ఇరవై రెండేళ్లుగా అదే ఉద్యోగం చేస్తున్న మనిషి అలా అనుకోకూడదు.

ఆ మొదటిది ల్యూథర్ ట్రింబుల్‌ది. జీవితమంతా మొక్కజొన్న విత్తనాలు అమ్మి, పోయిన ఏడాది కన్నుమూశాడు. అతని కాగితాలు పదమూడు పెట్టెలు ఇచ్చిన భార్య ఓపల్, పెళ్లికి ముందు అతను తనకు రాసిన ఉత్తరాల పెట్టె మాత్రం ఇవ్వనంది. వెర్నా బతిమాలగా బతిమాలగా, గురువారం తెస్తానని మాటిచ్చింది.

జాబితా నిండా పొట్టి మాటలే. అన్నిటినీ విప్పి రాయమని వెర్నా కంప్యూటరుకు ఒక్క ఆదేశం ఇచ్చింది. వాళ్ల వృత్తిలో 'ఎన్.డి.' అంటే 'నో డేట్', తేదీ లేదని అర్థం. కంప్యూటరు మాత్రం నార్త్ డకోటా రాష్ట్రం అనుకుంది. ల్యూథర్ జన్మలో ఉత్తరానికి తేదీ వేసిన మనిషి కాడు. అతని ఉత్తరాల నకళ్లు మూడువందల పదహారూ నార్త్ డకోటాకు తరలిపోయాయి. వెర్నా చూసుకోకుండా జాబితాను వెబ్‌సైటులో పెట్టేసి, మర్నాడు పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, మంగళవారం ఆమె పైఅధికారి ఎబర్సోల్ కంట్లో ఆ జాబితా పడింది; ఆయన వెంటనే పేపరువాళ్లకు చెప్పేశాడు. బుధవారం ఉదయానికి ఊరి పేపర్లో శీర్షిక: 'ల్యూథర్ ట్రింబుల్‌కు నార్త్ డకోటాతో విడదీయరాని బంధం.'

"చూశావా వెర్నా! ఇంత పెద్ద సంగతి నాకు చెప్పనేలేదేం?" అన్నాడాయన పేపరు ఊపుతూ.

వాచిన బుగ్గతో వెర్నా ఏదో అనేలోగా ఫోను మోగింది. ఓపల్.

"అమ్మాయ్, ఆవిడ పేరేంటి?"

"ఎవరి పేరండీ?"

"నార్త్ డకోటా ఆవిడది. ఏటా విత్తనాల పనని ఈ పక్కనున్న టొలీడో ఊరు వెళ్లేవాడు. పది రోజులు! టొలీడోలో పది రోజులు ఏం చేస్తారే ఎవరైనా? అప్పుడే అనుకోవలసింది."

ఫోను పెట్టేసింది. వెర్నా జాబితా తెరిచి చూసి నెత్తి కొట్టుకుంది. తిరిగి ఫోను చేస్తే ఎత్తలేదు. అప్పుడైనా పరుగెత్తవలసింది. కానీ జాబితాలో తప్పుందంటే కుర్చీలోంచి లేవలేని జాతి వాళ్లది. మూడువందల పదహారు చోట్లా దిద్ది, సరిచూసుకుని, అప్పుడు బయల్దేరింది. అప్పటికి గంటన్నర గడిచింది.

ఓపల్ పెరట్లో, చెత్త కాల్చే ఇనప పీపా దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. వెర్నా జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది.

"అంటే, ఎవరూ లేరా?"

"ఎవరూ లేరండీ. తేదీ వెయ్యలేదు, అంతే."

"ఏనాడూ వేసేవాడు కాదు," అంది ఓపల్ మెల్లగా. "వెయ్యమంటే, రేపు రాసినా ఇదే మాట రాస్తాను, తేదీ ఎందుకూ అనేవాడు."

"మరి ఆ పెట్టె?"

ఓపల్ కడ్డీతో పీపా చూపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సామెతే గాని, వెర్నా నిజంగానే పీపాలో చెయ్యి పెట్టబోయింది.

"తియ్యవే, కాలుతుంది!" అని ఓపల్ ఆమె చెయ్యి లాగి, ఆ చేతిని వదలకుండా పీపా వైపు తిరిగింది. "ఎవరూ లేరంట, ల్యూథర్."

ఆ ఒక్కమాటకు వెర్నా ఏడ్చేసింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు జాబితాలో పద్నాలుగో పెట్టె కూడా ఎక్కించింది: ప్రేమలేఖలు, బుధవారం కాలిపోయినవి. ల్యూథర్ ట్రింబుల్ కాగితాలన్నిటిలోనూ తేదీ పక్కాగా పడింది దానికొక్కదానికే.