పద్నాలుగు మెట్ల ఆయాసం

పద్నాలుగు మెట్లు ఎక్కి ఇంటర్వ్యూకు వచ్చిన కుర్రాళ్లలో ఒక్కడికి కూడా ఊపిరి సరిగ్గా ఆడటం లేదని హెచ్చార్ సారు కనిపెట్టేసరికి ఉదయం పదకొండున్నర అయింది. అప్పటికే తొమ్మిదోవాడు ఎదురు కుర్చీలో గుండె పట్టుకుని కూర్చున్నాడు!

మొదటివాడు రొప్పుతూ వస్తే పరుగెత్తుకొచ్చాడేమో అనుకున్నాడాయన. రెండోవాడికి మంచినీళ్లు ఇచ్చాడు. నాలుగోవాడు తలుపు దగ్గరే గోడకు ఆనుకుంటే ఫ్యాన్ స్పీడు పెంచాడు. ఆరోవాడు దగ్గాడు. ఏడోవాడు దగ్గి, క్షమించమన్నట్టు చూసి, మళ్లీ దగ్గాడు. తొమ్మిదోవాడి దగ్గర సారు ధైర్యం జారిపోయింది. లేచి లాడ్జి కిటికీలన్నీ తెరిచి గాలి వాసన చూశాడు. గోదావరిఖని గాలి రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంది.

మరి నిక్షేపంలాంటి కుర్రాళ్లకు ఏమైంది? హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి, పాపం, ఆయనకేం తెలుస్తుంది!

తెలుసుకుందాం. అంతకంటే ముందు ఒక మాట. ఇంటర్వ్యూ అంటే భయపడేవాళ్లూ, ఇంటర్వ్యూ పెట్టినవాణ్ణి తిట్టుకునేవాళ్లూ ఇక్కడే ఆగి చెంపలు వేసుకోవాలి. ఇంటర్వ్యూ అనేది మన బొగ్గు బెల్టుకు దక్కిన మహాభాగ్యం!

నమ్మరా? పాత రోజులు గుర్తు తెచ్చుకోండి. ఎంత అవమానం! ఒక్క ప్రశ్న కూడా అడక్కుండానే ఉద్యోగం ఇచ్చేవారు. భుజాలు చూసేవారు, తట్టా, బొగ్గు ఎత్తే చెమ్మసూ ఇచ్చి గనిలోకి దింపేవారు. "అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని ఒక్క అధికారైనా అడిగాడా? అడిగి ఉంటే ఆనాటి కార్మికుడు ఎంత నిజాయితీగా చెప్పేవాడు! "ఇంకో రెండొందల అడుగులు కింద, సారూ!"

ఇప్పుడో? నెలకు మూడు వేల ఎనిమిది వందలిచ్చే ఉద్యోగానికి కూడా మన ఆశయాలు అడుగుతున్నారు. అభిరుచులు అడుగుతున్నారు. ఒత్తిడిలో ఎలా ఉంటారని అడుగుతున్నారు. కన్నతల్లి ఏనాడైనా మన అభిరుచులు అడిగిందా? మనకు అవి ఉండాలన్న సంగతే ఇంటర్వ్యూ వచ్చాకే కదా తెలిసింది! పైగా ఇంటర్వ్యూ వల్ల ఎంతమంది బతుకుతున్నారు! ఫోటో స్టూడియో, జిరాక్సు సెంటరు, 'ఇంటర్వ్యూలో చేయకూడని యాభై తప్పులు' అమ్మే పుస్తకాల బండి. చౌరస్తాలో ఒకాయన మెడకు కట్టే టైలు అద్దెకివ్వడం కూడా మొదలుపెట్టాడు. ముడి వేసినదైతే అయిదు రూపాయలు ఎక్కువ. ఉద్యోగం వచ్చినవాడు ఒక్కడు బతుకుతాడు. రానివాళ్ల మీద బజారంతా బతుకుతుంది!

ఆ బజారును తన వంతుగా పోషించినవాడు సంపత్. 2007 నాటికి అతనికి ఇరవై ఏడేళ్లు. బి.కామ్. చదివాడు. తండ్రి సదయ్య ముప్పై ఆరేళ్లుగా బొగ్గు కంపెనీ గనిలో, కాలనీ మాటల్లో చెప్పాలంటే 'బాయి'లో, పని చేస్తున్నాడు. వచ్చే ఫిబ్రవరిలో రిటైరు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఈలోపు సంపత్‌కు ఏదో ఒక ఉద్యోగం దొరక్కపోతే ముగ్గురూ మంచాలూ గిన్నెలూ ఎక్కడికి మోసుకెళ్లాలో ఎవరికీ తెలియదు. తల్లి సమ్మవ్వ అప్పుడే బీరువా మీద చెయ్యి వేసి, ఇది ఏ తలుపులోంచి పడుతుందోనని దిగులు పడుతోంది.

సంపత్ యాభై తప్పులూ బట్టీ పట్టాడు. నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లాడు. ఒక్క తప్పూ చెయ్యలేదు!

'ముఖంలో చిరునవ్వు చెదరకూడదు' అని పుస్తకంలో ఉంది. ఫైనాన్సు ఆఫీసులో "వాయిదాలు తీరకముందే కస్టమర్ చనిపోతే ఏం చేస్తావు?" అని అడిగారు. సంపత్ చిరునవ్వుతోనే ఉన్నాడు. పంపించేశారు. 'కరచాలనం గట్టిగా ఉండాలి' అని ఉంది. సిమెంటు డీలరు వేలికి రాయి ఉంగరం ఉంది. ఆ సంగతి పుస్తకంలో లేదు. 'కళ్లలోకి సూటిగా చూడాలి' అని ఉంది. కరీంనగర్ బట్టల షోరూములో పదకొండు నిమిషాలు రెప్ప వెయ్యకుండా చూశాడు. మేనేజరు వాచ్‌మన్‌ను పిలిచాడు. నాలుగోది 'జీతం సంగతి ఎత్తకూడదు'. ఎత్తలేదు. ఉద్యోగం వచ్చింది కూడా! నెల తిరిగాక తెలిసింది, వాళ్లూ ఆ సంగతి ఎత్తరని.

నాలుగోది పోయిన సాయంత్రం సదయ్య డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కొడుకు చేతిలోని పుస్తకం లాగి పక్కన పడేశాడు.

"ఎవలో రాసిన ముచ్చట్లు సదువుకుంట కూసున్నవేందిర? ఇంటర్వ్యూ అంటే ఏందో నన్నడుగు."

"నువ్వెప్పుడు పోయినవ్ బాపు ఇంటర్వ్యూకు?"

"మూడుమాట్ల పోయిన!"

"పోయిండు," అంది సమ్మవ్వ పొయ్యి దగ్గర్నుంచి. "మూడుమాట్ల ఎట్ల పోయిండో గట్లనే తిరిగొచ్చిండు గూడ."

ఆయన చెబుతున్నది మెడికల్ బోర్డు సంగతి. ఈ ప్రాంతం ఎరగనివాళ్ల కోసం చెప్పుకోవాలి. అప్పట్లో డాక్టర్ల బోర్డు కార్మికుణ్ణి పరీక్షించి, ఇతను ఇక గని పనికి పనికిరాడు, 'అన్‌ఫిట్' అని రాస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చేది. అంటే లోకమంతా బలవంతుడికి పని దొరికితే, మన దగ్గర బలహీనుడి ఇంటికి దొరికేది. కాలనీలో ఎవరికైనా 'అన్‌ఫిట్' వస్తే స్వీట్లు పంచేవారు. 'ఫిట్' వస్తే పరామర్శకు వచ్చేవారు. సదయ్యకు మూడుసార్లూ ఫిట్టే వచ్చింది. మూడోసారి పరామర్శకు వచ్చినవాళ్లకు టీ కూడా పొయ్యలేకపోయింది సమ్మవ్వ, అంత దుఃఖం!

ఓడిపోయినవాడికి ఉండే విద్య గెలిచినవాడికి ఉండదు. ఎనిమిదేళ్లుగా సదయ్య తన తప్పుల్ని తవ్వుకుంటూనే ఉన్నాడు. మొదటిసారి దవాఖాన మెట్లు రెండేసి ఎక్కాడు. రెండోసారి మీసాలకు రంగు వేసుకుని వెళ్లాడు. ఇలాంటివి కొడుకు చెయ్యకూడదు!

"మెట్టు మెట్టుకు ఆగాలె. ఆగి ఊపిరి గుంజాలె. కూసోమన్నంక కూసోవాలె, కూసునేటప్పుడు కుర్సీ చెయ్యి పట్టుకోవాలె. అడగంగనే టక్కున జవాబు చెప్పద్దు. ముందు దగ్గు."

"దగ్గుతే పని ఎట్లిస్తరు బాపు?"

"పిచ్చోడ! గట్టోన్ని సూస్తే పెద్దసార్లు ఏమనుకుంటరు? వీడు ఎట్లన్న బతుకుతడు తీయ్ అనుకుంటరు. ఆగమైనోన్ని సూస్తెనే జాలి పుడతది. మన లైన్ల పదకొండు ఇండ్లల్ల నౌకరి ఎట్లొచ్చింది? గట్లనే గద!"

సంపత్ లెక్క వేసి చూశాడు. పుస్తకం నాలుగు ఉద్యోగాలు పోగొట్టింది. తండ్రి చెప్పినదానికి పదకొండు ఇళ్ల సాక్ష్యం ఉంది.

కమాన్‌పూర్ అవతల ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తీసే ప్రైవేటు కాంట్రాక్టరుకు టైమ్ కీపర్ కావాలని ఆ వారంలోనే తెలిసింది. టిప్పర్ డ్రైవర్ల హాజరు రాసే పని. పోస్టు ఒక్కటి. కాలనీలోంచి పద్దెనిమిది మంది దరఖాస్తు పెట్టారు. సదయ్య క్లాసు సంగతి విని పద్దెనిమిది మందీ క్వార్టరు ముందు మురుక్కాలవ మోరీ గట్టు మీద చేరారు. సదయ్య గురువు కదా, పక్షపాతం లేదు, అందరికీ నేర్పాడు. ప్రాక్టికల్స్ కాలనీ నీళ్ల ట్యాంకు మెట్ల మీద.

"జల్ది ఎక్కకుర కొమురెల్లి! పెండ్లికి పోతున్నవా? పానం పోతున్నోని లెక్క ఎక్కు!"

"ఎక్కుతున్న కాక! నిజంగనే దమ్మొస్తంది!"

"నిజంగ రావద్దు! నిజంగొస్తే మందియ్యాలె. వచ్చినట్టు కనిపియ్యాలె!"

ఇదీ ఆ లాడ్జి గదిలో ఊపిరి ఆడకపోవడానికి కారణం. ఏ యూనివర్సిటీ ఇస్తుంది చెప్పండి ఇలాంటి శిక్షణ?

సంపత్ వంతు పదిహేనోది. మెట్టుకొక ఊపిరి చొప్పున ఎక్కాడు. కుర్చీ చెయ్యి పట్టుకుని దిగబడ్డాడు. హెచ్చార్ సారు అప్పటికి ముక్కుకు కర్చీఫు కట్టుకున్నాడు.

"ఈ ఆయాసం ఎప్పట్నుంచి బాబూ?"

సంపత్ పాఠం మరవలేదు. ముందు దగ్గాడు.

"తోడుగా ఎవరైనా వచ్చారా?"

"మా బాపు సార్. కింద హోటల్ల ఉన్నడు."

"ఆయనక్కూడా ఇంతేనా?"

"లేదు సార్." సంపత్ తల వంచుకున్నాడు. "ఆయన ఫిట్."

అంత మంచి వార్తను అంత విషాదంగా చెప్పిన కొడుకును సారు సర్వీసులో చూసి ఉండడు. నిట్టూర్చి, కాగితం మీద సంపత్ పేరు ఎదురుగా ఒక మాట రాశాడు. సంపత్ ఓరగా చూశాడు. ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది: అన్‌ఫిట్!

బి.కామ్. చదివినవాడే. ఆ మాటకు అర్థం తెలిసినవాడే. కానీ ఆ క్షణంలో చదువు పక్కకు తప్పుకుని పెంపకం ముందుకొచ్చింది. ఎన్నేళ్లు ఎదురుచూశారు ఆ మాట కోసం వాళ్ల ఇంట్లో! సంపత్ పద్నాలుగు మెట్లూ మూడు గంతుల్లో దిగాడు.

"బాపూ! అన్‌ఫిట్ రాసిండు! నా కండ్లతోటి సూసిన!"

"శభాష్ బిడ్డా!" సదయ్య హోటల్ బెంచీ మీంచి లేచి కొడుకును పట్టుకుని ఊపేశాడు. "ఎన్కట నాకు రానిది నీకొచ్చింది!"

"నాక్కూడ గదే రాసినట్టున్నది కాక!" అన్నాడు కొమురెల్లి. ముందు వెళ్లొచ్చినవాళ్లూ, సంపత్ తర్వాత వెళ్లి దిగొచ్చిన ముగ్గురూ అదే అన్నారు. పోస్టు ఒక్కటే అయినప్పుడు అందరికీ అన్‌ఫిట్ ఎలా వస్తుందని ఎవరికీ తట్టలేదు. సంతోషంలో లెక్కలు ఎవరు చూస్తారు! సదయ్య పద్దెనిమిది టీలూ, రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలూ చెప్పాడు.

పైన మాత్రం వేరే ఘోరం జరుగుతోంది. ఆఖరి అభ్యర్థిగా డెబోరా వచ్చింది. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. క్లాసులు ఎగ్గొట్టలేక సదయ్య శిక్షణకు రాలేకపోయింది, పాపం. అందుకే అన్నీ తప్పులే చేసింది! అరగంట ఆలస్యంగా వచ్చింది. మెట్లు రెండేసి ఎక్కింది. ఫైలు తేలేదు. కూర్చోమనకముందే కూర్చుని, "జీతం ఏ తారీఖున ఇస్తరు సార్? మాటలు గాదు, తారీఖు చెప్పాలె," అంది. హాజరు రిజిస్టరు నమూనా చూపిస్తే, "ఇట్ల రాస్తే ఒక్క డ్రైవరు రెండు షిఫ్టులల్ల కనపడుతడు," అని సారు ముందే గీతలు కొట్టేసింది.

సారు ఆమెను కన్నార్పకుండా చూశాడు. రిజిస్టరు సంగతి తర్వాత. ఆ రోజు ఊపిరి ఆడుతున్న మనిషిని చూడటం అదే మొదలు! అక్కడికక్కడే ఆర్డరు రాసిచ్చాడు.

చూశారా! యాభై తప్పులు మానినవాడు ఇంట్లో ఉన్నాడు, యాభై తప్పులూ చేసినామె ఉద్యోగంలో ఉంది. తప్పు ఎంత గొప్పదో ఇంకా రుజువు కావాలా?

సారు టీ తాగుదామని కిందికి దిగాడు. దిగి, హోటల్ గుమ్మంలో రాయిలా నిలబడిపోయాడు. పొద్దున గుండె పట్టుకున్న తొమ్మిదోవాడు బెంచీ ఎక్కి చిందేస్తున్నాడు. గోడకు ఆనుకున్న నాలుగోవాడు ఈల వేస్తున్నాడు. సారును చూడగానే పద్దెనిమిది మందీ ఒక్కసారిగా రొప్పడం మొదలుపెట్టారు. ఆలస్యమైపోయింది.

"ఎవరు నేర్పారు మీకిదంతా?" అన్నాడు సారు.

గని కాలనీలో పేరు చెప్పడమనేది లేదు. "ఎవలు లేరు సార్, మాకే అట్లుంటది," అన్నాడు కొమురెల్లి, బజ్జీ నములుతూ.

"అన్‌ఫిట్ అని రాస్తే ఉద్యోగం ఇచ్చినట్టు కాదయ్యా, ఇవ్వనట్టు! మా సైట్లో అంతా దుమ్ము. ఊపిరి లేనివాళ్లను ఎలా తీసుకుంటాను? ఈ అమ్మాయికి ఆర్డరు ఇచ్చేశాను."

వెనక నిలబడ్డ డెబోరా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "ఏమనుకోకు సంపత్," అంది మెల్లగా.

సంపత్ చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. తండ్రి వైపు తిరిగాడు.

"ఫిబ్రవరిల ఎటు పోదం బాపు? అవ్వకేం చెప్పాలె? మూడుమాట్ల పోయి మూడుమాట్ల ఫెయిలైనవ్. నీకే రాని విద్య నాకేమని నేర్పినవ్?"

ముప్పై ఆరేళ్ల సర్వీసులో సదయ్యను కూర్చోబెట్టి ఏమిటి, ఎందుకు అని అడిగినవాళ్లు లేరు. ఇదే ఆయన మొదటి ఇంటర్వ్యూ. ఆయన దగ్గలేదు. టక్కునే జవాబు చెప్పాడు.

"నేనే సారూ నేర్పింది. ఈ పోరగాండ్ల తప్పేం లేదు, తిడితే నన్ను తిట్టుండ్రి. కని ఒక్క ముచ్చట నా కొడుకుకు చెప్పాలె, మీరు గూడ ఇనుండ్రి. రెండుమాట్లు నిజంగనే ఫెయిలైన బిడ్డా. మూడోమాటు గాలే. డాక్టరు సారు అన్‌ఫిట్ రాయనీకె పెన్ను తీసిండు. రాసే ముందల, 'నీ కొడుకుకు ఎన్నేండ్లు?' అన్నడు. పంతొమ్మిది అన్న. గంతకు ముందు నెలనే నాతోటి జోడిగ పనిచేసే ఆగయ్య పీనుగను కూలిన బండ కిందికెల్లి మేమే తీసినం. ఆయిన గూడ పంతొమ్మిదేండ్లకే బాయి దిగిండు. నా నోరు ఆగలె. 'సారూ, నాకే రోగం లేదు, నేను మంచిగున్న, ఇంకో పదేండ్లు చేస్త' అన్న. మీ అవ్వకు గూడ ఇయ్యాల్టిదాంక చెప్పలే. నీకు పైన పని దొరుకుతదనుకున్న బిడ్డా, నీడకు కూసోని రాసే పని. పైన ఒక్క కుర్సీకి గింతమంది ఉంటరని బాయిల ఉన్నోనికి ఎట్ల ఎరుకైతది? నీ నౌకరి పోగొట్టింది నేనే. మల్ల బోర్డుల నిలవెట్టి అడిగినా గదే చెప్త."