పడకెక్కిన పిండిముద్ద

క్రిస్మస్ ముందురోజు ఉదయం ష్టేర్బా వాళ్ళింట్లో మొదటి తగువు ఎండుద్రాక్ష గురించి వచ్చింది. వాటిని రమ్‌లో నానబెట్టాలని కోడలు రద్కా, గోరువెచ్చని నీళ్ళు చాలని అత్తగారు ద్రహోమీరా.

"రమ్ అయితే వాసన బాగుంటుంది అత్తయ్యా. మత్తు ఓవెన్‌లో ఎలాగూ ఎగిరిపోతుంది."

"ఎగిరిపోయేదాన్ని పొయ్యడమెందుకు? మీ మామయ్య గుండెకి ఒక్క చుక్క కూడా పనికిరాదు."

"నా గుండె ఇక్కడే ఉంది, దాన్నే అడగచ్చుగా," అన్నాడు అలోయిస్ పేపరు వెనక నుంచి.

"నిన్నెవరూ అడగలేదు. నువ్వు కూర్చో."

"కూర్చునే ఉన్నాను. ఫిబ్రవరి నుంచీ కూర్చునే ఉన్నాను."

నీళ్ళే గెలిచాయి. ఆ ఇంట్లో ఆ ఏడాదంతా గుండె పేరు చెప్పినవాళ్ళే గెలుస్తున్నారు.

దానికి కారణం నిరుటి వనోచ్కా. క్రిస్మస్‌కి జడలా అల్లి కాల్చే తీపి రొట్టె అది. ఓవెన్‌లో పగిలినా, మాడినా ఏడాది తిరిగేలోగా ఇంట్లో ఎవరికో కీడు తప్పదని ద్రహోమీరాకి వాళ్ళమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. నిరుడు రొట్టె నడిమికి పగిలింది. ఫిబ్రవరిలో అలోయిస్ ఎద పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. బ్ర్నోలో పెద్ద డాక్టర్లు రక్తనాళం పూడుకుపోయిందన్నారు. వాళ్ళు చెప్పిందంతా ద్రహోమీరా ఓపిగ్గా విన్నది కానీ, రొట్టె సంగతి వాళ్ళతో అనలేదు. చదువుకున్నవాళ్ళను చిన్నబుచ్చడం ఆమెకు ఇష్టం లేదు.

రద్కాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ఆమెకు కావలసిందల్లా పిల్లలిద్దరూ చేతులకు పిండి పూసుకుని, నవ్వుకుంటూ, పండగ వచ్చిందని తెలుసుకోవడం. కానీ ముందురోజు పడుకోబోతూ ఎనిమిదేళ్ళ వెందుల్కా అడిగింది: "ఈసారి కూడా పగిలితే తాత చచ్చిపోతాడా?"

"రొట్టెకీ మనుషులకీ సంబంధం లేదు. పడుకో," అంది రద్కా. తెల్లవారి లేచి పిండిని ఒకటికి రెండుసార్లు జల్లించింది.

ద్రహోమీరా పద్ధతులు ఎవరికీ తెలియనివి కావు. తెల్ల ఏప్రన్, తలకు తెల్ల గుడ్డ. పిండిలో చెయ్యి పెట్టినప్పటి నుంచి రొట్టె ఓవెన్‌లోకి వెళ్ళేదాకా ఇంట్లో ఎవరూ పెదవి విప్పకూడదు. పిండి పొంగుతున్నంతసేపూ దాని పక్కన గెంతుతూ ఉండాలి, అప్పుడే అదీ పైకి లేస్తుంది. ఇన్నాళ్ళూ ఇదంతా ఆమె ఒక్కతే చేసేది. నిరుడు పగిలింది కాబట్టి ఈసారి అందరినీ చేర్చుకుంది. కొడుకు లూబోష్ మాత్రం చెట్టును దాని పీటలో బిగిస్తానని చెప్పి నేలమాళిగలోకి జారుకున్నాడు.

వెందుల్కా తమ్ముడు, ఐదేళ్ళ మతౌష్‌కి ఇంకో కష్టం కూడా ఉంది. ఆ రోజు సాయంత్రం దాకా ఏమీ తినకుండా ఉంటే గోడ మీద బంగారు పందిపిల్ల కనిపిస్తుందని పెద్దవాళ్ళ మాట. వాడికి పందిపిల్లా కావాలి, జామ్ పెట్టిన బిస్కెట్లూ కావాలి. రెండింటి మధ్య కళ్ళలో నీళ్ళు నిలబడి ఉన్నాయి.

ద్రహోమీరా పిండిలో చెయ్యి పెట్టింది. ఇల్లు నిశ్శబ్దమైంది. అలోయిస్ పేపరు మడిచి, లేచి, ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నాడు.

"నేను చేప తెస్తా," అన్నాడు. "నా చెయ్యి పిండిలో లేదు, నేను మాట్లాడచ్చు."

ద్రహోమీరా మోచేతుల దాకా పిండితో అతని వైపు తిరిగి కుర్చీ చూపించింది. తల అడ్డంగా ఊపింది. రెండు వేళ్ళు చూపించింది, ఇద్దరు కలిసి వెళ్ళాలని.

"రెండు కిలోలా? సరే."

ఆమె మొహం కందిపోయింది. తన ఎడమ రొమ్ము మీద చేత్తో గట్టిగా కొట్టుకుంది, నీ గుండె సంగతేమిటని. తెల్ల ఏప్రన్ మీద ఇంకా తెల్లగా ఐదు వేళ్ళు పడ్డాయి.

"నాకూ నువ్వంటే ప్రేమే," అన్నాడు అలోయిస్ తలుపు వేస్తూ.

వెంట పరిగెడదామంటే పిండిని సగంలో వదలకూడదు. కోడల్ని పంపుదామంటే చెప్పకూడదు. ఆమె ఆ కోపమంతా పిండి మీద చూపించింది. అంత బాగా పిసికిన పిండి ఆ వంటింట్లో అంతకుముందు లేదు.

తర్వాత దాన్ని పొంగబెట్టాలి. ఆ ఇంట్లో గాలి తగలని వెచ్చటి చోటు ఒకటే, పడగ్గదిలో హీటర్ పక్కన అలోయిస్ పడుకునే వైపు. పిండి ఉన్న పొడవాటి చెక్క తొట్టిని మంచం మీద అతని తలగడ దగ్గర నుంచి కాళ్ళ వైపుకు అమర్చి, పైన ఉతికిన తెల్ల దుప్పటి కప్పారు. చలిగాలి రాకుండా పరదాలు లాగారు. చీకటిగా ఉందని వెందుల్కా పండగ కొవ్వొత్తులు తెచ్చి తలవైపు బల్ల మీద వెలిగించింది. ఆ తర్వాత ముసలావిడా, కోడలూ, పిల్లలిద్దరూ మంచం పక్కన వరసగా నిలబడి, నోరు మూసుకుని, గెంతడం మొదలుపెట్టారు.

కింది అంతస్తులో హోర్తోవా గారింట్లో దీపం ఊగింది. ఆవిడ ప్రాగ్ నుంచి వచ్చి మూడు నెలలే అయింది. దభీమని ఒకటి, మళ్ళీ దభీమని ఇంకొకటి. పైన గుండె జబ్బు మనిషి ఉన్నాడని ఆవిడకు తెలుసు. చెప్పులు మార్చుకోకుండానే పైకి పరిగెత్తింది.

రద్కా తలుపు తీసి, పెదవుల మీద వేలు పెట్టింది. హోర్తోవా ఆమె భుజం మీదుగా లోపలికి చూసింది. పరదాలు వేసిన గది. కొవ్వొత్తులు. మంచం మీద తెల్ల దుప్పటి కింద నిలువుగా ఎత్తుగా ఉన్న ఆకారం. తల మీద తెల్ల గుడ్డతో, రొప్పుతూ, మాటలేకుండా ద్రహోమీరా. పక్కన కన్నీళ్ళతో పిల్లవాడు. హోర్తోవా ఏమీ అడగలేదు. శిలువ గుర్తు వేసుకుంది, రద్కా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కింది, మునివేళ్ళ మీద దిగి వెళ్ళిపోయింది.

పట్నం మనిషైనా ఆనవాయితీకి ఎంత మర్యాద ఇచ్చిందో అనుకుంది రద్కా.

కాసేపటికి మళ్ళీ గంట మోగింది. ఈసారి కింద మొదటి వాటాలో ఉండే వ్రబా గారు. నల్ల కోటు, చేతిలో టోపీ, ఇంకో చేతిలో పళ్ళెం నిండా వాళ్ళావిడ చేసిన బిస్కెట్లు. చంకలో ఒక సీసా కూడా ఉంది.

"ఏం మనిషండీ అలోయిస్," అన్నాడాయన గడపలోనే నిలబడి. "నిన్ననే కదా మెట్ల దగ్గర జోకేశాడు. దేవుడు ఆయన ఆత్మకి శాంతినివ్వాలి."

ద్రహోమీరా గోడ పట్టుకుంది. అలోయిస్ వెళ్ళి చాలా సేపైంది. చేపలమ్మే చౌక్ దాకా నడక, చలి, జారే రాళ్ళు. పిండి సంగతి, నియమం సంగతి ఆమెకు గుర్తు లేదు.

"ఎక్కడ?" అంది.

దుఃఖంలో మనిషికి తన ఇల్లు కూడా తెలియదని వ్రబా ఎక్కడో విన్నాడు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా," అన్నాడు మెల్లగా.

"పడిపోయాడా?"

"పెద్ద చప్పుడైందట. హోర్తోవా గారు విన్నారు. ఒక్క క్షణమే. ఏం బాధపడి ఉండడు."

"హోర్తోవా ఉందా అక్కడ?"

"వెంటనే పరిగెత్తింది పాపం. ఆవిడే చూసొచ్చి చెప్పింది."

ద్రహోమీరా చెప్పులు విప్పుకునే బల్ల మీద కూర్చుండిపోయింది. రద్కా మామగారికి ఫోన్ చేసింది. అది రొట్టెల డబ్బా పక్కన, పేపరు కింద మోగింది.

"రొట్టె ఇంకా పగల్లేదు కదా అమ్మా," అంది వెందుల్కా. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "ఇంకా ఓవెన్‌లో కూడా పెట్టలేదు కదా."

అప్పుడు మతౌష్ వెక్కిళ్ళు పెడుతూ బయటపెట్టాడు: "నేను మాట్లాడాను. బాత్‌రూమ్‌లో. ఆకలేస్తోందన్నాను."

"ఎవరితో?"

"గోడతో."

రద్కా వాడిని ఎత్తుకుంది. గోడతో మాట్లాడితే ఎవరికీ ఏమీ కాదని వాడికి చెప్పాలి. చెప్పకుండా వాడి తలని భుజానికి అదుముకుంది.

లూబోష్ చెట్టుతో పాటు పైకి వచ్చాడు, సంగతి విన్నాడు, చెట్టును మెట్ల మీదే వదిలి చౌక్‌కు పరిగెత్తాడు. అక్కడి నుంచి రద్కాకు ఫోన్ చేశాడు.

"చేపలమ్మేవాడు చూశాట్ట. ఆకుపచ్చ టోపీ పెద్దాయన చేపల తొట్టె పక్కన కూలబడ్డాట్ట కాసేపు. తర్వాత ఎవరో కార్లో ఎక్కించుకుని తీసుకెళ్ళారట."

"ఎవరి కారు?"

"తెల్లది, అంతే తెలుసు వాడికి. నేను ఆసుపత్రికి వెళ్తున్నా. అమ్మకి చెప్పకు."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. ద్రహోమీరా అప్పటికే కోటు ఒక చేతికి తొడుక్కుని, రెండో చెయ్యి దొరక్క వెతుక్కుంటోంది.

అలోయిస్ తొట్టె పక్కన కూర్చున్నది నిజమే. రెండు కిలోల చేపల్లో ఏది ఆడదో, ఏది మగదో దగ్గరగా చూసి ఎంచుకోవడానికి కూర్చున్నాడు. తీసుకెళ్ళింది పాత స్నేహితుడు, సారాయి కొట్టు దాకా. అక్కడ నిమ్మరసం తాగి, ఎవరూ తన గుండె గురించి అడగని గంటసేపు గడిపి, సంచిలో తోక కొట్టుకుంటున్న చేపతో అతను ఇంటి ముందు దిగాడు.

వీధి తలుపుకి నల్ల రిబ్బను కట్టి ఉంది. లోపల మెట్ల మీద దిక్కులేనట్టు పడి ఉన్న క్రిస్మస్ చెట్టు. రెండో మలుపులో హోర్తోవా చేతిరుమాల్లో మొహం పెట్టుకుని ఏడుస్తోంది.

"ఎవరు?" అన్నాడు అలోయిస్.

"ష్టేర్బా వాళ్ళింట్లో," అంది ఆవిడ తలెత్తకుండా.

అలోయిస్ అక్కడే ఆగాడు. చచ్చింది తను కాదు, ఆ సంగతి తనకు తెలుస్తూనే ఉంది. లూబోష్ పొద్దున నేలమాళిగలో ఈల వేస్తున్నాడు, రద్కాకూ పిల్లలకూ ఏ జబ్బూ లేదు. ఇక మిగిలింది ఒక్కతే. కందిపోయిన మొహంతో, మాట రాక, కుర్చీ చూపిస్తూ, ఎడమ రొమ్ము మీద కొట్టుకున్న మనిషి. నొప్పి వస్తోందని ఆమె చెప్పింది. తను జోకేసి తలుపేశాడు.

హోర్తోవా తలెత్తి చూసి, ఉన్న మెట్టు మీదే కూర్చుండిపోయింది. అతను చూడలేదు. ఫిబ్రవరి నుంచి ఒంటరిగా ఒక్క మెట్టు ఎక్కనివ్వని మనిషి మిగతా మెట్లన్నీ పరుగున ఎక్కాడు. వంటింట్లో మాటలు వినిపిస్తున్నాయి, వాటితో అతనికి పని లేదు. తెరిచి ఉన్న పడగ్గదిలోకి వెళ్ళాడు. పరదాలు, కొవ్వొత్తులు, తెల్ల దుప్పటి. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ద్రాహుష్కా," అన్నాడు భార్య ముద్దుపేరుతో. "నువ్వు గుండె చూపించావు. నేను కిలోలు లెక్కపెట్టాను."

దుప్పటి మీద చెయ్యి వేశాడు. వెచ్చగా, మెత్తగా ఉంది. అది అతని చేతి కింద నెమ్మదిగా పైకి లేచి, నిట్టూర్చి, మళ్ళీ దిగింది.

అలోయిస్ వేసిన కేక ఇల్లంతా వినిపించింది. ద్రహోమీరా ఒక చేతికి కోటుతో, రద్కా పిల్లవాడితో, వ్రబా సీసాతో గుమ్మంలోకి వచ్చారు. దుప్పటి జారిపోయి ఉంది. తొట్టిలో పట్టని పిండి తలగడ మీదికి, తలగడ మీద నుంచి హీటర్ వైపు పాకుతోంది. దాని ముందు మోకాళ్ళ మీద అలోయిస్. పక్కన సంచిలో చేప.

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు.

"టోపీ తియ్యి," అంది ద్రహోమీరా. "ఇంట్లో ఉన్నావు." అని, అతని పక్కనే నేల మీద కూర్చుని, టోపీ తనే తీసి, దాంట్లో మొహం పెట్టుకుని ఏడ్చింది.

"తాత బతికే ఉన్నాడు," అని మతౌష్ అందరికీ తెలియజేశాడు. వాడు వ్రబా గారి బిస్కెట్లు అప్పటికే నోట్లో వేసుకున్నాడు. పందిపిల్ల సంగతి ఎవరూ గుర్తుచెయ్యలేదు.

లూబోష్‌కి చెప్పాలని వాళ్ళకి చాలా ఆలస్యంగా తట్టింది. ఈలోగా అతను ఆసుపత్రిలో ముగ్గురు ముసలివాళ్ళ దుప్పట్లు ఎత్తి చూసి, ముగ్గురికీ క్షమాపణలు చెప్పుకున్నాడు.

పిండిని పారెయ్యడానికి ద్రహోమీరాకు మనసొప్పలేదు. తలగడకు అంటింది తీసేసి, మిగతాదాన్ని మళ్ళీ పిసకడానికి అందరూ బల్ల చుట్టూ చేరారు. ఇక మాట్లాడకూడదంటే వినేవాళ్ళు లేరు. హోర్తోవా క్షమించమని అడుగుతోంది, వ్రబా తన తప్పేమీ లేదంటున్నాడు, వెందుల్కా చౌక్‌లో చేపలెన్ని ఉన్నాయని తాతని అడుగుతోంది. ఎండుద్రాక్ష మీద వ్రబా సీసాలోంచి రమ్ పోస్తున్న రద్కాను ద్రహోమీరా చూసింది, చూసి గిన్నె దగ్గరగా జరిపింది. జడలో ఒక పాయ మతౌష్ అల్లాడు. వాడి పాయ ఒకచోట వేలంత, ఇంకోచోట పిడికిలంత ఉంది. పిల్ల ముక్కు మీద పిండి, పిల్లవాడి చెవిలో పిండి. రద్కా నెల రోజులుగా ఎదురుచూసిన నవ్వు ఆ వంటింట్లో మొదటిసారి వినిపించింది.

రొట్టె ఓవెన్‌లో పగిలింది. కొద్దిగా కాదు, ఆ చివర నుంచి ఈ చివరకు, మతౌష్ పాయ వెంబడే.

ద్రహోమీరా దాన్ని బల్ల మీద పెట్టింది. వెందుల్కా తాత చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా. రద్కా తన నమ్మకాలన్నీ ఒకసారి తడుముకుంది. అవి ఉండాల్సిన చోట లేవు.

అలోయిస్ పగులు దగ్గరకు వంగి చూశాడు. అందులో వేళ్ళు పెట్టి, పొగలు కక్కుతున్న ముక్క ఒకటి విరిచి నోట్లో పెట్టుకున్నాడు.

"కత్తి అక్కర్లేకుండా కాలింది," అన్నాడు నములుతూ. "దీని కీడు పొద్దున్నే అయిపోయింది. నేనే సాక్షిని."

వెందుల్కా అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. అతను మింగాడు, ఏమీ కాలేదు. అప్పుడు తనూ ఒక ముక్క విరిచింది. చివరగా ద్రహోమీరా విరిచింది.

సాయంత్రం చేపల పులుసు, వేయించిన చేప, బంగాళాదుంపల సలాడ్‌తో అందరూ భోజనానికి కూర్చున్నారు. పులుసు అయ్యాక అలోయిస్ చెంచా పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్తా, మధ్యలో ఎవరూ గుండె ఎత్తద్దు. రేపటి నుంచి రోజూ చౌక్ దాకా నడిచి వెళ్ళొస్తాను. మెట్లు కూడా నేనే ఎక్కుతాను. అనుమతి అడగను."

లూబోష్ తల్లి వైపు చూశాడు. రద్కా పళ్ళెంలోకి చూసింది.

"వెళ్ళు," అంది ద్రహోమీరా. "నేను వెనకాల వస్తాను."

"ఎంత వెనకాల?"

"నువ్వు పడితే వినిపించేంత."

అలోయిస్ తల ఊపాడు. పొద్దుటే చనిపోయిన మనిషి కోరికకు అడ్డు చెప్పే పద్ధతి ఆ బల్ల దగ్గర ఎవరికీ తెలియలేదు.