గాలి తగలకూడదన్నారు

ఆ ఉదయం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. అక్కకు కంటి ఆపరేషన్ అయింది. ఆస్పత్రికి వెళ్ళి ఆమెను ఇంటికి తీసుకురావాలి. "దారిలో గాలి, దుమ్ము తగలకూడదు. తగిలి కన్ను వాచిందంటే నాకు పూచీ లేదు," అన్నాడు డాక్టరు. ఆ మాట తమ్ముడి గుండెలో ముల్లులా దిగబడింది. చిన్నప్పుడు తనను చంకనేసుకుని తిప్పిన అక్క ఆమె. అందుకే ఆఫీసుకు సెలవు పెట్టి మరీ బావ ఇంట్లో వాలాడు.

బావ అప్పటికే కారు కడిగి, లోపల ఆరాలని అద్దాలు నాలుగూ దించి ఉంచాడు. ఇప్పుడు ఎత్తబోతే ఒక్కటీ కదల్లేదు. డ్రైవరు పక్కనున్న మీటలు నొక్కినా అంతే, వెనక తలుపుల మీటలు నొక్కినా అంతే. కనీసం మూలుగైనా లేదు.

"మెకానిక్‌ని పిలుద్దాం బావా," అన్నాడు తమ్ముడు.

ఆ ఇంట్లో అనకూడని మాట అది. బావ బీమా ఆఫీసులో గుమాస్తా. కానీ మిక్సీ మొదలు గోడ గడియారం దాకా ఆయన చెయ్యి పడని వస్తువు ఆ ఇంట్లో లేదు. పడ్డాక పనిచేసిన వస్తువూ లేదు.

"నాలుగు మోటార్లూ కూడబలుక్కుని ఒకేసారి చస్తాయట్రా? నాలుగింటికీ ఉమ్మడిది ఒకటుంటుంది. ఫ్యూజు!"

నిజమే. స్టీరింగు కింద మూత తీసి చూస్తే ఒక ఫ్యూజులో తీగ తెగి ఉంది. రోగం దొరికింది గానీ మందు లేదు. బావ కాసేపు గడ్డం గోక్కుని, బానెట్ ఎత్తి, అక్కడి పెట్టెలోంచి అదే రంగు ఫ్యూజు ఇంకోటి ఊడబెరికాడు.

"దాని దగ్గర ఫ్యాను బొమ్మ ఉంది బావా."

"ఏసీ ఫ్యానయ్యుంటుంది. మీ అక్కకి చల్లగాలి ఎలాగూ పడదు."

అద్దాలు నాలుగూ బుద్ధిగా పైకి లేచాయి. బావ ముట్టుకున్నది మొదటిసారి పనిచేసింది. తమ్ముడికి కళ్ళు చెమర్చాయి.

తిరుగు ప్రయాణంలో అక్క వెనక సీట్లో కూర్చుంది. ఒక కంటికి తెల్లటి కట్టు, ఆ పైన నల్లకళ్ళద్దాలు.

"ఉక్కపోస్తోందండీ. కాస్త అద్దం దించండి."

"నీకు కన్ను కావాలా, గాలి కావాలా?" అన్నాడు బావ.

అక్క మరి మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం ఎంత ప్రమాదమో తమ్ముడికి తెలుసు.

కూడలి దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. కాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసబుసా లేచింది. ఆ ఫ్యాను మనుషులకు విసిరేది కాదు, ఇంజనుకు విసిరేది. ఇద్దరూ కంగారుగా దిగారు. దిగగానే తాళం మీట నొక్కడం బావకు అలవాటు, నొక్కాడు. వెనక తలుపులా, లోపలి నుంచి తెరుచుకోవు. మనవడు దూకేస్తాడని అలా బిగించి పెట్టారు.

బావ, తమ్ముడు బానెట్ ఎత్తి ఆవిరిలో తలలు దూర్చారు. లోపల ఊపిరాడక అక్క అద్దం మీద దబదబా బాదింది. ఆమెను వాళ్ళిద్దరూ చూడలేదు. పక్కన బైకు మీద ఆగిన ఒక బండమనిషి చూశాడు. పొగలు కక్కుతున్న కారు, బిగించిన అద్దాలు, కళ్ళకు గంతలతో కొట్టుకుంటున్న ఆడమనిషి!

"ఆడకూతుర్ని ఎత్తుకుపోతున్నారు!" అని గావుకేక పెట్టి, రోడ్డు పక్క రాయి తీసుకుని, ముందు సీటు అద్దాన్ని భళ్ళున పగలగొట్టాడు. పెంకులు వెనక్కి రాకపోవడం ఆమె అదృష్టం.

"మా అక్కయ్యా బాబూ!" అన్నాడు తమ్ముడు.

"నా పెళ్ళామయ్యా!" అన్నాడు బావ.

"ఒకడు అక్కంటాడు, ఒకడు పెళ్ళామంటాడు. ముందు మీరిద్దరూ ఓ మాటకి రండ్రా!" అని బండమనిషి ఇద్దరి కాలర్లూ ఒక్క గుప్పిట్లో పట్టుకున్నాడు.

ఇంతలో కానిస్టేబుల్ వచ్చి, తలుపు తీయించి, అక్కను మెల్లగా దించాడు. "భయపడకండమ్మా. వీళ్ళు మీకేమవుతారు?"

గుప్పిట్లోంచే ఇద్దరూ ఆశగా మెడలు సాచారు. అక్క కంటి కట్టుకు కొంగు అడ్డం పెట్టుకుని, పగిలిన అద్దాన్ని చూసింది, బావను చూసింది, నుదుటి చెమట తుడుచుకుంది.

"ఏమో నాయనా. నన్ను మాత్రం ఇంటి దగ్గర దించు."

ఆమె పోలీసు జీపులో చల్లగా ఇల్లు చేరింది. బావ, తమ్ముడు స్టేషను బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు.

"ఆ ఫ్యాను సంగతి గట్టిగా చెప్పొచ్చుగదరా," అన్నాడు బావ. తమ్ముడు మొహం అటు తిప్పుకున్నాడు. బావ గొంతు తగ్గించి, "కంటికేం కాలేదు కదా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో తమ్ముడి కోపం సగం కరిగిపోయింది.

సాయంత్రం ఎస్సై జాలిపడి అక్కకు ఫోను చేశాడు. "ఒక్కసారి వచ్చి మీవాళ్ళేనని గుర్తుపడితే వదిలేస్తామమ్మా. బాగా నీరసపడిపోయారు."

అక్క గొంతు గదంతా వినిపించింది. "ఒంటికన్నుతో చూసి మనుషుల్ని ఎలా తేల్చి చెప్పను నాయనా? రెండో కంటి కట్టు విప్పనీ. కళ్ళారా చూసి చెబుతాను."

కట్టు విప్పేది మర్నాడు పొద్దున.